పాత స్ప్లెండర్ ఇంజను పని 7,000 రూపాయల్లో: కొలిచాకే కొనండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: 2004 మోడల్ హీరో హోండా స్ప్లెండర్, నీలిపొగ వస్తోంది, ఆయిల్ తాగుతోంది, ఫ్లైఓవర్ ఎక్కాలంటే గేరు దించాల్సి వస్తోంది, కింద నుంచి ఏదో చప్పుడు. మెకానిక్ చూడగానే ఫుల్ ఇంజను అన్నాడు, అంటే ఇంజను దించి, లోపల తిరిగే ఇరుసు (క్రాంకు) దాకా విప్పి చేసే పని. మీ చేతిలో ఉన్నది 7,000. ఏది మార్చాలి, ఏది వదిలేయొచ్చు?

ఆ డబ్బుతో పని అవుతుంది. అయితే ముందు సామాన్లు కొనేసి తర్వాత ఇంజను విప్పితే మాత్రం అవదు. తక్కువ బడ్జెట్ ఇంజను పనుల్లో డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది అక్కడే. అవసరం లేని భాగాలు కొత్తవి పడతాయి, చేయాల్సిన లేత్ పనికి డబ్బు మిగలదు.

ఇంకో మాట కూడా మొదటే చెప్పాలి. సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు అయిపోతుంది. మీ బండి ఆర్సీ గడువు దాటి ఉంటే ఫారం 25 పెట్టి, బండి చూపించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి మరో 5 ఏళ్లకు పొడిగించుకోవాలి. ఆ ఖర్చును కూడా లెక్కలో వేసుకున్నాకే ఇంజను మీద చెయ్యి వేయండి. సెకండ్‌హ్యాండ్ ఇంజను కొని బిగించేద్దామని ఎవరైనా చెబితే ఒప్పుకోవద్దు. ఇంజను నంబరు కేసింగ్ (ఇంజను బయటి లోహపు పెట్టె) మీదే కొట్టి ఉంటుంది. అది ఆర్సీతో కలవకపోతే రెన్యువల్ ఆగిపోతుంది, చెకింగ్‌లో దొంగబండి అనుమానం వస్తుంది.

ఇక ఇంజను సంగతి. విప్పకముందే చాలా విషయాలు తెలుసుకోవచ్చు. పొద్దున్నే మొదటి స్టార్ట్‌లో మాత్రమే నీలిపొగ గుప్పుమని వచ్చి నిమిషంలో తగ్గిపోతే వాల్వు సీళ్లు (వాల్వుల దగ్గర ఆయిల్ జారకుండా ఆపే రబ్బరు ముక్కలు) గట్టిపడ్డాయని అర్థం. ఇది వంద రూపాయల లోపు సామాను. యాక్సిలరేటర్ ఇచ్చిన ప్రతిసారీ, బండి వేడెక్కాక కూడా పొగ ఆగకపోతే పిస్టన్ చుట్టూ ఉండే రింగులు, పిస్టన్ ఆడే రంధ్రం (బోరు) అరిగాయి, అంటే ఇంజను బోరు పనికి వచ్చింది. దిగుడులో యాక్సిలరేటర్ వదిలి, మళ్లీ ఇచ్చినప్పుడు ఒక్కసారిగా పొగ వస్తే వాల్వు గైడ్ల (వాల్వు కాడ ఆడే గొట్టాల) మీద అనుమానం పెట్టుకోండి. నల్లపొగ అయితే ఇంజను విప్పే పనే లేదు, కార్బురేటర్, ఎయిర్ ఫిల్టర్ చూడండి.

కంప్రెషన్ గేజి ఉన్న మెకానిక్ దొరికితే ఆ పరీక్ష తప్పకుండా చేయించండి. ఇంజను కాస్త వేడెక్కాక ప్లగ్ తీసి, గేజి బిగించి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని ముల్లు ఇక పైకి కదలనంత వరకు కిక్ కొట్టాలి. ఈ 97.2 సీసీ ఇంజను బాగుంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 11, 12 కేజీల దాకా చూపిస్తుంది. 8 దాటకపోతే ప్లగ్ రంధ్రంలోంచి ఒక టీస్పూన్ ఇంజను ఆయిల్ పోసి మళ్లీ కొట్టండి. ముల్లు బాగా పైకి లేస్తే లోపం రింగుల్లో, బోరులో ఉంది. అక్కడే ఉండిపోతే వాల్వులు సరిగా కూర్చోవడం లేదు. ఈ ఒక్క పరీక్షతోనే సగం నిర్ణయం అయిపోతుంది.

చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో కూడా తేల్చుకోవాలి. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజనుకు ఆనించి పిడిని చెవి దగ్గర పెట్టుకుంటే తెలుస్తుంది. హెడ్డు (వాల్వులు ఉండే భాగం) మీద సన్నగా టకటక అంటే టాపెట్లు (వాల్వుల ఖాళీ సర్దే స్క్రూలు). ఎడమవైపు గొలుసు కొట్టుకున్నట్టు గరగర అంటే టైమింగ్ చైన్ (వాల్వులను తెరిచే క్యామ్‌ను తిప్పే గొలుసు). చల్లగా ఉన్నప్పుడు ఉండి, వేడెక్కాక తగ్గేది పిస్టన్ చప్పుడు. బరువు మీద ఎత్తు ఎక్కేటప్పుడు కింద నుంచి గట్టిగా కొట్టినట్టు వస్తే పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్డు పెద్ద చివర బేరింగ్. స్పీడుతోపాటు పెరిగే గూ అనే ఊళ క్రాంకు బేరింగులది. ఈ చివరి రెండే ఫుల్ ఇంజను పనికి కారణాలు. మిగతావన్నీ హాఫ్ ఇంజనులో, అంటే హెడ్డు, బ్లాకు వరకే విప్పి చేసే పనిలో తీరిపోతాయి.

స్ప్లెండర్ బ్లాకు (బోరు ఉండే లోహపు దిమ్మ) ముందు చక్రం వైపు దాదాపు పడుకుని ఉంటుంది కాబట్టి హెడ్డు, బ్లాకు విప్పడానికి ఇంజను దించనక్కర్లేదు. ముందు అంతవరకే విప్పించండి. బ్లాకు లాగగానే కేసింగ్ నోటికి శుభ్రమైన గుడ్డ కుక్కండి. పిస్టన్ పిన్నును పట్టి ఉంచే చిన్న సర్‌క్లిప్ ఒక్కటి లోపల పడితే కేసింగ్ విడదీయాల్సి వస్తుంది.

ఇప్పుడు రాడ్డు పరీక్ష. ఫుల్ ఇంజనా, హాఫ్ ఇంజనా అన్నది దీంతోనే తేలుతుంది. క్రాంకు తిప్పి రాడ్డును పూర్తిగా బయటికి తెచ్చి, రెండు వేళ్లతో పట్టుకుని బోరు దిశలోనే ముందుకు లాగి వెనక్కి నెట్టండి. టిక్కుమని ఏ కొంచెం ఆట చేతికి తగిలినా పెద్ద చివర పోయినట్టే. పక్కలకు జరిగే ఆట వేరు, అది ఉండాలి కూడా. ఫీలర్ గేజితో (సందులు కొలిచే పలుచటి రేకులతో) చూస్తే 0.10 నుంచి 0.35 మి.మీ. దాకా మామూలు, 0.60 దాటితే మార్చాలి. చాలామంది ఈ పక్క ఆటను చూపించి రాడ్డు పోయిందని చెబుతారు. మీరు చూడాల్సింది ముందువెనకల ఆట. పనిలో పనిగా ఎడమ కవరు లోపల క్రాంకు చివర ఉండే మ్యాగ్నెట్ చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఊపండి, చేత్తో మెల్లగా తిప్పండి. ఊగినా, తిరిగేటప్పుడు గరుకుగా అనిపించినా క్రాంకు బేరింగులు పోయాయి. వంచిన ఆయిల్‌లో అయస్కాంతం తిప్పి, అంటుకున్న పొడి వేళ్ల మధ్య రాయండి. బూడిదలా మెత్తగా ఉంటే మామూలు అరుగుదల. పొరలు పొరలుగా, రేకుల్లా తగిలితే బేరింగో గేరో చిట్లుతోంది.

ఇక బోరు కొలత. దీనికి బోరు గేజి ఉన్న లేత్ షాపుకు వెళ్లాల్సిందే, వేలు పెట్టి చూసి చెప్పేది కొలత కాదు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఇలాంటి షాపులు పక్కపక్కనే ఉంటాయి, చిన్న పట్టణాల్లో కూడా ఒకటైనా దొరుకుతుంది. బోరు పైన, మధ్యలో, కింద మూడు చోట్ల, ఒక్కో చోట రెండు దిశల్లో, మొత్తం 6 కొలతలు తీయించి కాగితం మీద రాయించుకోండి. కొత్త బోరు 50 మి.మీ. కంటే వెంట్రుకవాసి ఎక్కువ ఉంటుంది. ఇప్పుడు 50.05 దాటినా, ఒక కొలతకూ ఇంకోదానికీ తేడా 0.05 దాటినా రింగులు మాత్రమే మార్చి బిగించడం దండగ. గుడ్డు ఆకారంలో అరిగిన బోరులో గుండ్రటి కొత్త రింగు ఎలా కూర్చుంటుంది? కొన్ని వందల కిలోమీటర్లకే పొగ మళ్లీ మొదలవుతుంది.

బోరు తక్కువగా అరిగి ఉంటే రింగును ఒక్కదాన్నే బోరులో పెట్టి, పిస్టన్ తలతో తిన్నగా లోపలికి నెట్టి దాని నోటి (రెండు చివరల మధ్య) ఖాళీ కొలవండి. కొత్త రింగుకు 0.10 నుంచి 0.25 మి.మీ. ఉంటుంది. 0.50 దగ్గర పడితే రింగు పని అయిపోయింది.

బోరు అరిగిందని తేలితే మార్కెట్లో రెండు దారులు చూపిస్తారు. ఒకటి, చవకగా దొరికే కొత్త బ్లాకు పిస్టన్ సెట్టు. రెండు, పాత కంపెనీ బ్లాకుకే బోరు వేయించి (రంధ్రాన్ని కాస్త పెద్దది చేయించి) దానికి తగ్గ సైజు పిస్టన్ పెట్టడం. తక్కువ బడ్జెట్‌లో రెండోదే మేలు. చవక బ్లాకుల్లో ఇనుము మెత్తగా ఉంటుంది, బోరు తిన్నగా ఉంటుందన్న నమ్మకం ఉండదు, ఏడాదిలోపే మళ్లీ ఆయిల్ తాగడం చూస్తుంటాం. మీ పాత బ్లాకు ఇరవై ఏళ్లు వేడికి కాగి ఆరి నిలదొక్కుకున్న లోహం. 0.25, 0.50, 0.75, 1.00 మి.మీ. అని నాలుగు సైజులు పోయేదాకా దాన్ని వదలొద్దు. అరుగుదల ఎంతో చూసి అది పూర్తిగా పోయే కనీస సైజు ఎంచుకోండి. తర్వాతి బోరుకు అవకాశం మిగులుతుంది.

పిస్టన్ ముందు కొని, ఆ పిస్టన్‌నే బ్లాకుతోపాటు లేత్ షాపులో ఇవ్వాలి. ఇది తప్పనిసరి. డబ్బా మీద రాసిన సైజు ఒకటే అయినా పిస్టన్‌కూ పిస్టన్‌కూ కొద్దిగా తేడా ఉంటుంది. పిస్టన్‌ను కింది అంచు నుంచి సుమారు 10 మి.మీ. పైన, పిన్నుకు అడ్డంగా మైక్రోమీటరుతో కొలిచి, దానికి 0.025 నుంచి 0.035 మి.మీ. ఎక్కువ ఉండేలా బోరు తీయమని చెప్పండి. ఇంతకంటే బిగువైతే వేడికి పిస్టన్ ఉబ్బి సీజ్ అవుతుంది. వదులైతే మొదటి రోజు నుంచే చప్పుడు. మిషన్ మీద చివరి 0.04 దాకా మిగిల్చి, ఆ మిగిలింది హోనింగ్ రాళ్లతో తీయాలి. బోరు లోపల ఒకదాన్నొకటి దాటే సన్నటి గీతలు కనిపించాలి. ఆయిల్ పట్టి ఉంచేది అవే, అద్దంలా నున్నగా ఉన్న బోరులో రింగులు సర్దుకోవు.

తెచ్చాక చాలామంది పెట్రోల్‌తో కడిగి బిగించేస్తారు. హోనింగ్ రాతిపొడి ఆ గీతల్లో ఇరుక్కుని ఉంటుంది, పెట్రోల్‌కు రాదు. వేడినీళ్లు, బట్టల సబ్బు, గట్టి బ్రష్షుతో రుద్ది కడగాలి. ఆరగానే తెల్లటి పాత బట్టకు ఇంజను ఆయిల్ అద్ది లోపల తుడవండి. బట్ట మీద బూడిదరంగు కనిపిస్తే మళ్లీ సబ్బు. బట్ట తెల్లగా వచ్చేదాకా అలా చేస్తూనే ఉండాలి. ఖర్చు లేని ఈ అరగంట పని వదిలేస్తే కొత్త రింగుల్ని ఆ పొడే ఉప్పుకాగితంలా అరగదీస్తుంది.

హెడ్డు పని మీరే చేసుకోవచ్చు. వాల్వులు తీసి కార్బన్ గీకి, కాండాన్ని గైడులో ఊపి చూడండి. బాగా ఊగితే గైడు మార్చాలి, అది లేత్ షాపు పని. లేకపోతే పాత వాల్వులనే ముందు గరుకు పేస్టుతో, తర్వాత మెత్తటి పేస్టుతో తిప్పుతూ గ్రైండింగ్ చేయండి. వాల్వు ముఖం మీద చుట్టూ తెగకుండా సుమారు 1 మి.మీ. వెడల్పు మసక పట్టీ రావాలి. పేస్టు ఆనవాలు లేకుండా కడిగి, స్ప్రింగులు బిగించి, పోర్టులో పెట్రోల్ పోసి కొన్ని నిమిషాలు ఉంచండి. వాల్వు అంచు తడవకపోతే సరే. సీళ్లు మాత్రం ఎలా ఉన్నా కొత్తవే వేయండి. వాల్వును నొక్కే రాకర్ ముఖాల మీద, ఆ రాకర్‌ను కదిపే క్యామ్ ముక్కుల మీద గుంటలు పడి ఉంటే వాటిని కలిపి మార్చాలి. గుంటపడ్డ రాకర్ కింద కొత్త క్యామ్ నిలవదు.

రాడ్డు గానీ క్రాంకు బేరింగులు గానీ పోయి ఉంటేనే ఇంజను దించండి. ఈ ఇంజనులో క్రాంకు ప్రెస్సు మీద బిగించిన రకం. రాడ్డు కిట్టు అంటే రాడ్డు, పిన్ను, నీడిల్ బేరింగ్. పాత పిన్ను నొక్కి తీసి కొత్తది ప్రెస్సు మీద ఎక్కించాక క్రాంకును రెండు మొనల మధ్య పెట్టి డయల్ గేజితో అలైన్‌మెంట్ చూడాలి. 0.03 మి.మీ. లోపు తెచ్చే పనివాడు మంచివాడు. 0.10 దాటితే కొత్త బేరింగులు కూడా త్వరలోనే పోతాయి, హ్యాండిల్ దాకా వణుకు వస్తుంది. డయల్ గేజి లేకుండా కంటితో చూసి సుత్తితో సరిచేసే చోట క్రాంకు ఇవ్వొద్దు. పాత బేరింగ్ మీద ఉన్న నంబరు, దాని పక్క అక్షరాలతో సహా చూసి అదే తీసుకోండి. కేసింగ్‌ను వేడిచేస్తే కొత్త బేరింగ్ దానంతటదే జారి కూర్చుంటుంది, సుత్తి వాడితే సొట్ట పడి మొదటి రోజే ఊళ పెడుతుంది. కేసింగ్ ముఖాల మధ్య స్క్రూడ్రైవర్ దూర్చి విడదీయొద్దు, ఒక్క గీత పడినా అక్కడ ఆయిల్ కారుతుంది. గేర్లు జారే అలవాటు లేకపోతే గేర్‌బాక్స్ జోలికి వెళ్లొద్దు, చూసి అలాగే పెట్టేయండి.

కుడి కవరు లోపల, క్లచ్ వైపు తిరిగే ఆయిల్ ఫిల్టర్ కప్పు ఉంటుంది, కింద జల్లెడ ఉంటుంది. ఏళ్ల తరబడి విప్పని బండిలో ఆ కప్పు నిండా నల్లటి గట్టి మడ్డి పేరుకుంటుంది. రెండూ శుభ్రం చేయకుండా బిగిస్తే కొత్త భాగాలకు ఆ మడ్డి నూనే అందుతుంది.

బిగింపులో తప్పులు ఎక్కువగా జరిగే చోట్లు ఇవీ. పిస్టన్ మీద ఐఎన్ (IN) గుర్తు కార్బురేటర్ వైపు, అంటే ఈ ఇంజనులో పైకి ఉండాలి. రింగుల మీద అక్షరం పిస్టన్ తల వైపు. మూడు రింగుల నోళ్లు 120 డిగ్రీల ఎడంతో పెట్టాలి, ఆయిల్ రింగు మధ్య స్ప్రింగు చివరలు ఒకదానిమీదొకటి ఎక్కకూడదు. ఎక్కితే బోరు ఎంత బాగున్నా పొగ ఆగదు. పిన్ను క్లిప్పులు ఎప్పుడూ కొత్తవే, వాటి నోరు పిస్టన్ గాడికి ఎదురుగా రాకూడదు. హెడ్డు నట్లు, వాషర్లు విప్పేటప్పుడే ఏది ఏ స్టడ్డుదో ఫోన్‌లో ఫొటో తీసుకోండి, ఆయిల్ దారి మీద ఉన్న రాగి వాషరు చోటు మారితే నూనె కారుతుంది. నట్లను ఎదురెదురు వరసలో రెండు మూడు విడతలుగా బిగించాలి. ప్యాకింగుల మీద అనాబాండ్ జిగురు దట్టంగా పూయొద్దు. బిగింపుకు లోపలికి పిండుకొచ్చిన ముక్క ఊడి ఆయిల్ దారిలో ఇరుక్కుంటుంది, హెడ్డుకు నూనె అందక క్యామ్ కాలిపోతుంది.

టైమింగ్‌కు మ్యాగ్నెట్ చక్రం మీది టీ గుర్తు కేసింగ్ గాటుకు, క్యామ్ పళ్లచక్రం మీది సున్నా గుర్తు హెడ్డు గాటుకు ఒకేసారి కలవాలి. బిగించాక చక్రాన్ని ఎడమవైపు నుంచి చూస్తూ గడియారం ముళ్లకు ఎదురుదిశలో చేత్తో రెండు చుట్లు తిప్పి మళ్లీ చూడండి. ఎక్కడైనా గట్టిగా ఆగితే బలవంతంగా తిప్పకండి, వాల్వు పిస్టన్‌కు తగులుతోంది. టైమింగ్ చైన్ మారిస్తే గైడు రోలరు, టెన్షనర్ రబ్బరు కూడా మార్చండి, పాతవాటి మీద కొత్త చైన్ నెల తిరక్కుండానే చప్పుడు చేస్తుంది. టాపెట్ ఖాళీ ఇంజను చల్లగా ఉన్నప్పుడు, మోడల్‌ను బట్టి 0.05 నుంచి 0.08 మి.మీ.

ఇప్పుడు లెక్క. ఊరిని, షాపును బట్టి ధరలు మారతాయి, ఇవి అంచనాలు. బోరింగ్, హోనింగ్ 400 నుంచి 500. పేరున్న కంపెనీ పిస్టన్ కిట్టు 700 నుంచి 900. టైమింగ్ కిట్టు 600 నుంచి 800. ప్యాకింగ్ సెట్టు, వాల్వు సీళ్లు కలిపి 250 నుంచి 350. మొదటి రెండుసార్లకు ఆయిల్ 800 నుంచి 900 (500 కి.మీ. దగ్గర పోసేది వేరు). ఇక్కడికి దాదాపు 3,000, హాఫ్ ఇంజను సామాను అయిపోయింది. ఫుల్ అయితే రాడ్డు కిట్టు, ప్రెస్సు పని, బేరింగులు, ఆయిల్ సీళ్లు కలిపి మరో 1,700 నుంచి 2,200. మెకానిక్ కూలీ హాఫ్‌కు 1,000 నుంచి 1,500, ఫుల్‌కు 2,000 నుంచి 3,000. అంటే ఫుల్ ఇంజను కూడా 7,000 చుట్టుపక్కల వస్తుంది, కాకపోతే దించడం, కడగడం, కార్బన్ గీకడం మీరు చేసి కూలీ తగ్గించమని ముందే మాట్లాడుకోవాలి. డబ్బు చాలకపోతే క్లచ్ ప్లేట్లు, చైన్ స్ప్రాకెట్, కార్బురేటర్ ఆపండి, అవి తర్వాత ఇంజను విప్పకుండానే మార్చుకోవచ్చు. రాడ్డు, బేరింగులు, రింగుల్లో మాత్రం చవకది వద్దు. ఇవి పోతే కూలీ మళ్లీ మొదటి నుంచి కట్టాలి. హైదరాబాద్‌లో అయితే పుత్లీబౌలిలో రెండు మూడు షాపులు తిరిగి, బిల్లు ఇచ్చే చోట కొనండి.

స్టార్ట్ చేసే ముందు పెట్రోల్ కట్టేసి, ప్లగ్ తీసి, దాన్ని క్యాపులోనే ఉంచి హెడ్డుకు ఆనించి, టాపెట్ మూత తెరిచి అక్కడ ఆయిల్ కనిపించేదాకా కిక్ కొట్టండి. ఎంత కొట్టినా నూనె రాకపోతే స్టార్ట్ చేయొద్దు, దారి ఎక్కడో మూసుకుంది. కేసింగ్ విప్పినప్పుడు సుమారు 900 మి.లీ. ఆయిల్ పడుతుంది, చివరి మాట డిప్‌స్టిక్ గీతదే. డబ్బా మీద జాసో ఎంఏ (JASO MA) అని ఉన్న బైకు ఆయిలే పోయండి, కారు ఆయిల్‌కు క్లచ్ జారుతుంది.

స్టార్ట్ అయ్యాక గంటసేపు నిలబెట్టి ఐడిల్‌లో ఉంచే పద్ధతి మంచిది కాదు. గాలి తగలక వేడెక్కుతుంది, రింగులు సర్దుకోవు. రెండు మూడు నిమిషాలు చూసి, కారడం లేదని తేల్చుకుని రోడ్డు మీదికి తీయండి. మొదటి 500 కి.మీ. 45, 50 దాటకుండా, ఒకే స్పీడులో పట్టి ఉంచకుండా, వెనక బరువు లేకుండా నడపాలి. 100 కి.మీ.కు మొదటి ఆయిల్ వంచేయండి, అందులో మెరిసే పొడి కనిపించడం మామూలే. 500 దగ్గర మళ్లీ ఆయిల్, మళ్లీ టాపెట్లు. మొదటి 200 కి.మీ. దాకా కొద్దిగా పొగ ఉన్నా కంగారు అక్కర్లేదు, 500 దాటినా తగ్గకపోతే ఆయిల్ రింగు బిగింపు చూడాలి.

చివరగా ఎయిర్ ఫిల్టర్. బోరు ఇంతగా అరగడానికి దుమ్ము ఎక్కడో లోపలికి పోతూ ఉండాలి. ఫిల్టర్ డబ్బా మూత సరిగా కూర్చుంటోందా, డబ్బా నుంచి కార్బురేటర్‌కు వచ్చే రబ్బరు గొట్టం పగిలిందా, క్లిప్పు ఉందా అన్నది ఇంజను బిగించే రోజే చూడండి. గొట్టం లోపలి గోడను వేలితో తుడిస్తే ఎర్రటి మట్టి అంటిందంటే దారి దొరికినట్టే, ఆ గొట్టం మార్చాకే కొత్త ఇంజను స్టార్ట్ చేయండి.